సీరియల్ చేస్తే సినిమా చేజారుతుందా? సిడ్నీ లూమెట్ ఏం చేశాడో చూడండి

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. చాలా ఏళ్లుగా కృష్ణానగర్‌లో ఉంటున్నాను. కొన్ని సినిమాలకు అసిస్టెంట్‌గా, రెండింటికి కో-డైరెక్టర్‌గా చేశాను. '12 యాంగ్రీ మెన్' చూసిన పిచ్చిలో ఒకే గదిలో జరిగే కథ ఒకటి రాసుకుని నెరేషన్లు ఇస్తూ తిరుగుతున్నాను. ఒక హీరో ఇంట్రో ఫైట్ అడిగాడు. ఇంకొకరు చిన్నప్పటి ఫ్లాష్‌బ్యాక్ పెట్టమన్నారు. ఒక నిర్మాత రెండు పాటలకు చోటు చూడమన్నారు. అందరి కోసం మార్చి మార్చి స్క్రిప్టు ఇప్పుడు ఏడో వెర్షన్‌లో ఉంది. ఈమధ్య ఒక ఛానెల్ వాళ్లు డైలీ సీరియల్ డైరెక్ట్ చేయమని పిలిచారు. నెలనెలా డబ్బులొస్తాయి, పాప పుట్టాక అద్దె టెన్షన్ కూడా పెరిగింది. కానీ స్నేహితులు 'సీరియల్ డైరెక్టర్ అన్న ముద్ర పడితే ఇక సినిమా సంగతి మర్చిపో' అంటున్నారు. నా అభిమాన దర్శకుడు సిడ్నీ లూమెట్ నా స్థానంలో ఉంటే టీవీకి వెళ్లేవాడా? వారంలోగా జవాబు చెప్పాలి. – పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు:

వెళ్లాడండీ. వెళ్లి వందల కార్యక్రమాలు డైరెక్ట్ చేశాడు. హత్య కేసులో తీర్పు తేల్చడానికి పన్నెండు మంది జ్యూరీ సభ్యులు ఒక గదిలో వాదించుకునే ఆ '12 యాంగ్రీ మెన్' 1957లో విడుదలైంది. లూమెట్‌కు అదే మొదటి సినిమా. 1950 నుంచి ఆయన న్యూయార్క్‌లో సీబీఎస్ టీవీలో పనిచేస్తూ అక్కడి నుంచి వచ్చి ఆ సినిమా తీశాడు. ఆ మాటకొస్తే మీకు పిచ్చెక్కించిన ఆ కథ కూడా టీవీదే. రెజినాల్డ్ రోజ్ దాన్ని 'స్టూడియో వన్' అనే టీవీ కార్యక్రమం కోసం రాశాడు. 1954లో ప్రసారమైంది. అప్పుడు డైరెక్ట్ చేసింది ఫ్రాంక్లిన్ షాఫ్నర్, తర్వాత 'పాటన్' తీసిన ఆయనే. మీ స్నేహితుల లెక్కన చూస్తే అసలు ఆ సినిమా పుట్టనే కూడదు.

రాజమౌళి గారు 'శాంతి నివాసం' సీరియల్ చేసి సినిమాకు వచ్చిన సంగతి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చెప్పినా మీ భయం పోలేదంటే ఆ ఉదాహరణ మీ మీద పనిచేయలేదన్నమాట. అందుకే మీరు అడిగిన మనిషి గురించే మాట్లాడతాను.

లూమెట్ 1924లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. నాన్న బరూక్ లూమెట్ యిడ్డిష్ (యూరప్ యూదుల భాష) నాటకాల నటుడు, అమ్మ డాన్సర్. యూదు కుటుంబం, చేతిలో డబ్బు తక్కువ. న్యూయార్క్‌లో పెరిగాడు. బడికి వెళ్లే వయసుకే రేడియోలో, స్టేజీ మీద వేషాలు కట్టాడు. పదకొండేళ్లకు న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్‌వేలో 'డెడ్ ఎండ్' నాటకంలో వేశాడు. అంటే ఆయనకు నటన ముందు జీతం, ఆ తర్వాతే కళ. పెద్దయ్యాక నటులు ఆయన్ని అంతలా నమ్మడానికి మూలం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. వాళ్ల భయం ఎలాంటిదో ఆయనకు చిన్నప్పుడే తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరి రాడార్లు బాగుచేసే పనిమీద భారతదేశంలో, బర్మాలో ఉన్నాడు. ఆ రోజుల్లో మన దేశంలో రైల్లో వెళుతున్నప్పుడు తోటి సైనికులు ఒక అమ్మాయి మీద చేసిన అఘాయిత్యం గురించి, తాను అడ్డుపడలేకపోవడం గురించి ముసలితనంలో ఒక డాక్యుమెంటరీలో చెప్పాడు. అది విన్నాక '12 యాంగ్రీ మెన్'లో పదకొండు మందికి ఎదురు నిలిచే ఆ ఒక్క జ్యూరర్‌ని నేను మునుపటిలా చూడలేకపోయాను. సరే, అది వేరే సంగతి.

యుద్ధం నుంచి వచ్చి చిన్న నాటక బృందం ఒకటి పెట్టి నడిపాడు. 1950లో సీబీఎస్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరాడు. అక్కడ డైరెక్టర్ ఆయన స్నేహితుడు యూల్ బ్రిన్నర్, 'టెన్ కమాండ్‌మెంట్స్'లో ఫారోగా వేసిన ఆ గుండు ఆయనే. బ్రిన్నర్ 1951లో 'ది కింగ్ అండ్ ఐ' నాటకంలో వేషం దొరికి వెళ్లిపోయాడు. ఆ కుర్చీలో లూమెట్ కూర్చున్నాడు. ఎవరూ లాంచ్ చేయలేదు, ముహూర్తం షాట్ లేదు. ఖాళీ అయిన సీటు, అంతే.

'డేంజర్' అనే థ్రిల్లర్ సిరీస్ చేశాడు. 'యూ ఆర్ దేర్' అనే ఇంకో సిరీస్ చేశాడు. చరిత్రలోని ఘట్టాన్ని నటులు ఆడుతుంటే టీవీ విలేకరులు సూటూబూటూ వేసుకుని మధ్యలో దూరి వార్తల్లాగా చెబుతారు, స్టూడియోలో కూర్చుని వార్తల వ్యాఖ్యాత వాల్టర్ క్రాంకైట్ నడిపిస్తాడు. వింటే వింతగా ఉన్నా దాని వెనక పెద్ద విషయం ఉంది. కమ్యూనిస్టులన్న అనుమానంతో పని లేకుండా చేసిన ముగ్గురు రచయితలు, అబ్రహం పొలాన్‌స్కీ, వాల్టర్ బెర్న్‌స్టీన్, అర్నాల్డ్ మనాఫ్, వేరేవాళ్ల పేర్లు అడ్డుపెట్టుకుని దానికి స్క్రిప్టులు రాశారు. కాలక్షేపం సరుకు అనుకునే టీవీలో ఆ కాలానికి గట్టి మాటలే పలికాయి.

ఇప్పుడు మీ స్నేహితుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. లూమెట్ చేసిన టీవీ, మీకు వచ్చిన టీవీ ఒకటి కాదు. అప్పట్లో అది లైవ్. స్టూడియోలో కెమెరాలు నడుస్తుంటే డైరెక్టర్ కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఏ కెమెరాకు ఎప్పుడు కట్ చేయాలో అప్పటికప్పుడు చెప్పాలి. నటుడు డైలాగ్ మర్చిపోయినా, సెట్టు తలుపు తెరుచుకోకపోయినా దేశమంతా చూస్తుంది. రీటేక్ అన్నదే లేదు. అందుకని ముందే రిహార్సల్ చేసేవాళ్లు. పైగా ఏ వారం కథ ఆ వారం అయిపోయేది. వారానికో కొత్త కథ, కొత్త మనుషులు, కొత్త సమస్య. మీ డైలీ సీరియల్లో కథ అయిపోదు. టీఆర్పీ ఉన్నంతకాలం సాగుతుంది, అత్త ముఖం మీదికి మూడు వైపుల నుంచి జూమ్ పడుతూనే ఉంటుంది. నన్నడిగితే మీరు భయపడాల్సింది ముద్రకు కాదు. ఆరు నెలల తర్వాత కూడా షాటు ఎందుకు పెడుతున్నారో ఆలోచించకుండా పెట్టడం అలవాటైపోతుందే, దానికి.

ఆ అలవాటు పడకుండా ఉంటే టీవీ ఏమిస్తుందో మీ అభిమాన సినిమాలోనే కనిపిస్తుంది. బడ్జెట్ సుమారు మూడున్నర లక్షల డాలర్లు, హాలీవుడ్‌కు అప్పట్లోనూ అది చిన్న మొత్తమే. నిర్మాతలు ఆ సినిమా హీరో హెన్రీ ఫోండా, రచయిత రెజినాల్డ్ రోజ్. షూటింగ్ మూడు వారాల లోపే. మొదటి సినిమా డైరెక్టర్, వయసు 32. షూటింగ్‌కు ముందు రెండు వారాలు రిహార్సల్ చేయించాడు. పన్నెండు మంది నటులూ మొదటి నుంచి చివరి దాకా కథను నాటకంలా ఆడి ఆడి ఒంటికి పట్టించుకున్నారు.

తర్వాత చేసిన పని చూడండి. ఒక గోడ వైపు లైటింగ్ పెట్టాక, ఆ వైపు చూసే షాట్లన్నీ, కథలో ఎక్కడున్నా సరే, ఒకేసారి తీసేశాడు. తర్వాత పక్క గోడ. అలా గదంతా ఒక చుట్టు. కథలో వాన మబ్బులు కమ్ముతాయి కదా, ఆ వెలుతురుకు మళ్లీ ఒక చుట్టు. పైన లైట్లు వేశాక మూడో చుట్టు. దీనివల్ల ఫోండా, లీ జె. కాబ్ ఎదురెదురుగా వాదించుకునే చోట ఫోండా షాటుకూ కాబ్ షాటుకూ మధ్య వారం రోజుల తేడా వచ్చింది. వారం కింద కాబ్ ఎంత కోపం చూపించాడో డైరెక్టర్ బుర్రలో ఉండాలి, ఆ కోపానికి సరిపోయే ఎదురు మాట ఇవాళ ఫోండాతో పలికించాలి. తెరమీద మీకు ఎక్కడైనా అతుకు కనిపించిందా? గడియారం చూసుకుంటూ లైవ్ నడిపిన మనిషికి తప్ప ఆ ధైర్యం ఎవరికొస్తుంది?

లెన్సుల సంగతి మీకు తెలిసే ఉంటుంది గానీ మిగతా పాఠకుల కోసం చెబుతాను. కథ నడిచేకొద్దీ ఫోకల్ లెంగ్త్ ఎక్కువున్న, అంటే దూరాన్ని దగ్గరికి లాగే లెన్సులు వాడుతూ పోయాడు. దాంతో వెనకున్న గోడలు మనుషుల మీదికి వచ్చినట్టు కనిపిస్తాయి. మొదటి మూడో వంతు కెమెరా కంటి ఎత్తు కన్నా పైన ఉంటుంది, తర్వాతి భాగంలో కంటి ఎత్తుకు దిగుతుంది, చివరికి ఇంకా కిందికి. ఆఖర్లో పైకప్పు కూడా ఫ్రేములోకి వచ్చేసి ప్రేక్షకుడికి ఊపిరాడదు. చివరి షాటు బయట, వైడ్ లెన్సుతో. అప్పుడు గాలి పీల్చుకుంటాం. కెమెరామన్ బోరిస్ కాఫ్‌మన్‌తో కూర్చుని ఇదంతా షూటింగ్‌కు ముందే నిర్ణయించుకున్న ప్లాను. మీ ఒక్క గది కథకు ఇలాంటి ప్లాను ఉందా? ఉత్తరంలో ఏడు వెర్షన్ల గురించి రాశారు గానీ గది గురించి ఒక్క ముక్క రాయలేదు.

ఆ సినిమా బెర్లిన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ బేర్ గెలిచింది. ఉత్తమ చిత్రం, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే మూడింటికీ ఆస్కార్ నామినేషన్ తెచ్చుకుని మూడూ 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్'కి వదులుకుంది. థియేటర్లలో పెద్దగా ఆడలేదు. మీరు గమనించాల్సింది ఆ తర్వాతి సంగతి. ఆస్కార్‌కు నామినేట్ అయిన డైరెక్టర్, నడుమ రెండు మూడు సినిమాలు అంతంతమాత్రంగా ఆడాక, 1960లో మళ్లీ టీవీకి వెళ్లి యూజీన్ ఓనీల్ నాటకం 'ది ఐస్‌మన్ కమెత్' చేశాడు. సిగ్గుపడలేదు. రెండేళ్ల తర్వాత ఓనీల్‌దే 'లాంగ్ డేస్ జర్నీ ఇంటు నైట్' సినిమాగా తీశాడు. పని ఎక్కడుంటే అక్కడికి వెళ్లాడు, అంతే.

ముద్ర మాత్రం పడింది, అది కాదనను. నటుల్ని బాగా చూసుకునే పనిమంతుడే గానీ సొంత శైలి లేదని చాలాకాలం అన్నారు. విమర్శకుడు ఆండ్రూ సారిస్ 1968లో అమెరికన్ దర్శకుల్ని తరగతులుగా విడదీసినప్పుడు లూమెట్‌ను లేని గాంభీర్యం తెచ్చిపెట్టుకున్నవాళ్ల వరసలో కూర్చోబెట్టాడు. ఆ తర్వాత వచ్చినవి చూడండి: 'సెర్పికో' 1973లో, 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' 1974లో, 'డాగ్ డే ఆఫ్టర్‌నూన్' 1975లో, 'నెట్‌వర్క్' 1976లో. నాలుగేళ్లలో ఇవన్నీ. 'సెర్పికో'లో అల్ పచీనో జుట్టూ గడ్డమూ కథతోపాటు పెరగాలి కాబట్టి కథను వెనక నుంచి ముందుకు తీశాడు, కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ వచ్చారు. 'డాగ్ డే'లో పచీనో ఫోన్లో మాట్లాడే ఆ పొడుగాటి సీన్ అయిపోగానే, నటుడు తేరుకోకముందే వెంటనే రెండో టేకుకు వెళ్లాడు. పచీనో మొహంలో ఆ అలసట అందుకే అంత నిజంగా ఉంటుంది. 'నెట్‌వర్క్' అయితే రేటింగుల కోసం టీవీ ఎంతకు దిగజారుతుందో చెప్పే కథ. రాసిన పాడీ చాయెఫ్‌స్కీ, తీసిన లూమెట్ ఇద్దరూ టీవీలో పెరిగినవాళ్లే. ఇంటి గుట్టు ఇంట్లోవాళ్లకే కదా తెలిసేది. నాలుగు ఆస్కార్లు వచ్చాయి, అందులో మూడు నటనకు. మీరు సీరియల్ చేస్తే రేపు ఇలాంటి కథ రాయడానికి కావలసినంత సరుకు మీ కళ్లముందే దొరుకుతుంది, ఆ లాభం తక్కువేం కాదు.

ఇక మీ ఏడో వెర్షన్ దగ్గరికి వద్దాం. ఉత్తరం చదివాక నాకు ఎక్కువ దిగులు పుట్టించింది సీరియల్ కాదు, ఇది. 1982 నాటి 'ది వర్డిక్ట్' కథ వినండి. డేవిడ్ మామెట్ రాసిన స్క్రిప్టులో హీరో తాగుబోతు లాయరు, జీవితంలో ఓడిపోయినవాడు. అప్పటికి ఆ సినిమా చేయాల్సిన ఒక పెద్ద స్టార్, ఈ పాత్ర జనానికి నచ్చాలి కదా అని మార్పులు చేయిస్తూ పోయాడు. వెర్షన్ మీద వెర్షన్. చివరికి ఆయన తప్పుకున్నాడు. స్క్రిప్టు లూమెట్ చేతికి వచ్చాక ఆ మార్పులన్నీ పక్కనపెట్టి మామెట్ మొదట రాసినదానికే వెనక్కి వెళ్లాడు. పాల్ న్యూమన్ దాన్ని ఉన్నదున్నట్టు చేశాడు. ఆయన కెరీర్‌లో గొప్ప వేషాల్లో అదొకటి.

ఇంకోటి, ఫ్లాష్‌బ్యాక్ అడిగిన హీరో గురించి. లూమెట్, చాయెఫ్‌స్కీ దీనికి ఒక పేరు పెట్టుకున్నారు: రబ్బరు బాతు నాటకాలు. చిన్నప్పుడు వీడి రబ్బరు బాతు బొమ్మను ఎవరో లాక్కున్నారు, అందుకే వీడిప్పుడు హంతకుడయ్యాడు అని చెప్పే పద్ధతి. పాత్ర ఎవరన్నది చేసే పనుల్లోనే తెలియాలి తప్ప రచయిత వచ్చి వివరణ ఇవ్వకూడదని వాళ్ల వాదన. మన సినిమాల్లో ఇంటర్వెల్ తర్వాత వచ్చే ఫ్లాష్‌బ్యాకులు ఎన్ని ఈ బాతు బాపతో మీకే తెలుసు. మీ మొదటి వెర్షన్ తీసి చదవండి. ఏడోది మళ్లీ ముట్టుకోకండి.

ఒక సంగతి దాచకూడదు. లూమెట్ చాలా చెత్త సినిమాలు కూడా తీశాడు. 1978లో డయానా రాస్, మైకేల్ జాక్సన్‌లతో తీసిన 'ది విజ్' ఖర్చు ఎక్కువై ఘోరంగా పోయింది. 1999లో వచ్చిన 'గ్లోరియా'ను ఆయన అభిమానులు కూడా తలచుకోరు. యాభై ఏళ్లలో నలభైకి పైగా సినిమాలు తీసినవాడికి ఇలాంటివి తప్పవు. ఒకటి పోతే ఇంకోటి మొదలుపెట్టేవాడు. మొదటి సినిమాతోనే అందరి నోళ్లూ మూయించాలని ఆయన ఏళ్ల తరబడి ఆగి కూర్చోలేదు. మీరు కూర్చున్నారు, ఈ మాట కాస్త కటువుగానే చెబుతున్నాను.

2001లో, 76 ఏళ్ల వయసులో, మళ్లీ టీవీకే వచ్చి '100 సెంటర్ స్ట్రీట్' అనే కోర్టు సిరీస్ చేశాడు. ఫిల్ము వదిలేసి డిజిటల్ కెమెరాలతో తీశాడు. అక్కడ చేయి తిరిగింది కాబట్టి 2007లో 'బిఫోర్ ది డెవిల్ నోస్ యూ ఆర్ డెడ్' డిజిటల్‌లోనే తీశాడు. అప్పటికి వయసు 83. కుర్రాళ్లు కూడా ఉలిక్కిపడేంత కరుకైన సినిమా. అదే ఆఖరిది. 2005లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు, 2011 ఏప్రిల్ 9న న్యూయార్క్‌లో పోయాడు. అన్నేళ్ల పనికి పోటీలో మాత్రం ఒక్క ఆస్కారూ రాలేదు.

కాబట్టి సీరియల్ ఒప్పుకోండి. అయితే గడువు పెట్టుకుని ఒప్పుకోండి. ఏడాదిన్నర అనుకుంటే, ఆ నెల రాగానే టీఆర్పీ ఎంత బాగున్నా బయటికి వచ్చేలా మీ ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. జీతం అలవాటయ్యాక ఆ మాట తేవడం కష్టం. అద్దె కట్టగా మిగిలింది ఎంతో కొంత మీ సినిమా కోసం వేరే ఖాతాలో పడాలి.

సెట్లో రోజుకు ఇన్ని నిమిషాల ఫుటేజ్ అని ఒత్తిడి ఉంటుంది. సీన్ పేపర్ పొద్దున్నే లొకేషన్‌కు వస్తుందంటారు. ముందు రోజు రాత్రికే పంపమని పట్టుబట్టండి. రోజూ ఒక్క సీనైనా ఎంచుకుని దానికి కెమెరా ఎక్కడ, ఎందుకు అని ముందే నిర్ణయించుకోండి. లైటింగ్ ఒకసారి మార్చాక ఆ వైపు షాట్లన్నీ లాగేసే కిటుకు మన సీరియల్ యూనిట్లకు కొత్తేం కాదు. అయితే వాళ్లు టైమ్ కోసం చేస్తారు, మీరు నటుడి ఉద్వేగం ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోవడం సాధన చేయండి. ఎడిటింగ్‌లో తేడా కనిపిస్తుంది.

సీరియళ్లలో నాటకాల నుంచి వచ్చిన మంచి నటులుంటారు, చాలామందికి చేతినిండా డైలాగున్న వేషం దొరక్క ఆకలిగా ఉంటారు. సెలవు రోజున వాళ్లను పిలిచి మీ మొదటి వెర్షన్ చదివించండి. లూమెట్ న్యూయార్క్ సెకండ్ అవెన్యూలో ఉక్రేనియన్ల హాలు అద్దెకు తీసుకుని, నేలమీద రంగు టేపులు అతికించి సెట్టు గీసుకుని రిహార్సల్ చేయించేవాడు. మీకు కావాల్సింది ఒక గదే కదా, ఏ ఫంక్షన్ హాలులోనో నేలమీద టేపు అతికిస్తే వచ్చేస్తుంది. నెరేషన్ విని ఊహించుకోలేని నిర్మాత కూడా పన్నెండు మంది ఆడుతుంటే కూర్చుని చూస్తాడు. ఇంట్రో ఫైట్ అడగడం కూడా అప్పుడు కొంచెం కష్టమే. ఆయన 1995లో రాసిన 'మేకింగ్ మూవీస్' పుస్తకం ఆ హాలులోనే మొదలవుతుంది. దొరికితే ముందు రచయితల మీద, నటుల మీద ఉన్న అధ్యాయాలు చదవండి, కెమెరా గురించిన అధ్యాయం తర్వాతైనా పర్లేదు.

వారంలోగా జవాబు చెప్పాలన్నారు. ఫోన్లో సరే అనకండి, ఆఫీసుకు వెళ్లి మాట్లాడండి. టైటిల్ కార్డులో పేరు ఎలా వేస్తారు, నెలకు ఎన్ని రోజుల షూటింగ్, మధ్యలో తీసేస్తే ఎంతకాలం ముందు చెబుతారు, పేమెంట్ ఏ తేదీన ఇస్తారు, ఈ నాలుగూ కాగితం మీద రాయించుకుని అప్పుడు సంతకం పెట్టండి.